జలపాతం దారిని మూసినవాడు

దారి వేయడమే కష్టం, మూయడం ఎంతసేపు అని లోకం అనుకుంటుంది. నాలుగు వానలు కురిస్తే అడవే దాన్ని మింగేస్తుందని కూడా అంటుంది. ఈ అభిప్రాయం దారిని నేల మీది గీతగా భావిస్తుంది. నేల కొంతవరకే నిజం. ఏళ్ళ తరబడి మనుషుల అడుగుల కింద అణిగిన మట్టిలో విత్తనం దిగదు, నీరు ఇంకదు. అడవి మింగబోయినా పళ్ళు దిగవు. మిగిలిన దారి నడిచినవాళ్ళ బుర్రల్లో ఉంటుంది. ఈ సంగతి రాళ్ళాయనకు ఆలస్యంగా తెలిసింది. తెలిసినందువల్ల ఆయనకు ఒరిగింది కూడా ఏమీ లేదు.

రాళ్ళాయన అటవీశాఖలో కాలిబాటల పనివాడు. ఏ మెట్టుకు ఏ రాయి కూర్చుంటుందో తట్టి చూసి చెప్పేవాడు కనుక ఆ పేరు వచ్చింది. నది ఒడ్డు నుంచి అడవి గుండా పై జలపాతం వరకు ఎక్కే దారిని పెళ్ళయిన కొత్తలో మరో ఇద్దరితో కలిసి వేశాడు. దారి మొదట్లో రేకుల షెడ్డు ఉంది. అక్కడ ఆయన భార్య టీ అమ్ముతుంది. షెడ్డు వెనక రెండు గదులు. గోడలకు పలుగులు, తాళ్ళ చుట్టలు, ఎప్పటికీ ఆరని సాక్సులు. ఒక్కగానొక్క కూతురు అదే దారిలో గైడు. నడవడానికి వచ్చినవాళ్ళను జలపాతం దాకా తీసుకెళ్ళి తిరిగి కిందికి దింపడం ఆమె బతుకుతెరువు.

జలపాతానికి పైన కొండచరియలో సన్నని నెర్రె ఒకటి మూడేళ్ళుగా ఉంది. ఆ ఏడాది వానలకు అది చెయ్యి దూరేంత వెడల్పయింది. చెట్లు లోయవైపు ఒరిగాయి. ఎన్నడూ లేని చోట్ల బురద నీళ్ళు ఊరాయి. రేంజరు వచ్చి చూసి దారి మూసేయమన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుంది పెద్దాయనా?"

"వేసినప్పటికన్నా ఎక్కువే పడుతుందయ్యా."

"పరాచికాలొద్దు. ఒక బోర్డు, నాలుగు కంపలు. అంతేగా?"

"బోర్డు పెడితే దాని పక్కన నిలబడి ఫొటో దిగి మరీ వెళ్తారు."

అంతకుముందు వేరే కొండ మీద కూలీలు ఒక దారిని కింది నుంచి మూసుకుంటూ పోయారు. తాము పరిచిన కంపలను తామే రోజూ తప్పించుకుని పైకి పనికి వెళ్ళి, సాయంత్రం దిగివచ్చారు. పని ముగిసేసరికి పాత దారి పక్కనే వాళ్ళ అడుగులతో చక్కని కొత్త దారి పడింది. అందుకే రాళ్ళాయన చివరి నుంచి మొదలుపెట్టాడు. జలపాతం దగ్గర పట్టుకుని ఎక్కడానికి కట్టిన తాళ్ళు విప్పాడు. తాను కూర్చోబెట్టిన మెట్లను తానే పెకలించి, నాచు పట్టిన వైపు పైకి వచ్చేలా పడేశాడు. అణిగిన మట్టిని గునపంతో గుల్ల చేసి ఆకులు, ఎండుకొమ్మలు కప్పాడు. రాళ్ళ మీది రంగు బాణాలను ఇనుప బ్రష్షుతో గీకాడు. ప్రతి సాయంత్రం ఆ ఉదయానికన్నా కొంచెం కింద పని ఆపేవాడు.

మొదటి వారంలోనే ఒక సాయంత్రం కూతురు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాన్నా, నా మాట విను. గట్టు పక్కన ఒక్క అడుగు వెడల్పు వదిలెయ్. నేను తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు."

"నీ వెనక వచ్చేవాళ్ళో?"

"నా వెనకే ఎక్కుతారు, నా వెనకే దిగుతారు. పడేదైతే ఆ చరియ ఈపాటికి పడదా?"

"ఏమో."

"ఏమో అంటూనే నా నోటి దగ్గర కూడు తీసేస్తావా?"

"నది ఒడ్డు దారి ఉందిగా."

"దానికి గైడెందుకు? పసిపిల్లల బండి తోసుకుంటూ కూడా పోవచ్చు."

తల్లి గిన్నెలు కడుగుతూ అందుకుంది. "మీరిద్దరూ కొండ కోసం కొట్టుకు చావండి, దానికి మీ ఇద్దరి సంగతీ పట్టదు. ముందు ఆ బూట్లు బయట పెట్టవే, ఇల్లంతా కొండ మట్టే."

ఆయన 'ఏమో' అన్నది మాట దాటవేయడానికి కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. రేంజరుకూ తెలియదు. కారణం ముందు, ఫలితం వెనక అని తర్కం చెబుతుంది; ఆ రెండింటి నడుమ ఎంత కాలం పట్టాలో చెప్పదు. చరియ రేపు జారవచ్చు, ఆయన పోయిన తర్వాత జారవచ్చు, జారకనే పోవచ్చు. జారని కొండ ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు.

సగం పని అయ్యాక ఒక ఉదయం ఆయన పై భాగం ఎలా ఉందో చూసివద్దామని ఎక్కాడు. గుల్ల చేసిన మట్టి మళ్ళీ అణిగి ఉంది. కప్పిన కొమ్మలు పక్కకు తోసి ఉన్నాయి. ఏడెనిమిది మంది బూట్ల గుర్తులు. అన్నిటికన్నా ముందు, మడమ ఒకవైపే అరిగిన జోడు. ఆ జోడు ఆయనకు తెలుసు. తెల్లవారుజామున తండ్రి లేవకముందే కూతురు జనాన్ని తీసుకెళ్ళింది.

రేంజరుతో ఒక్క మాట అంటే ఆమె గైడు బ్యాడ్జి పోయేది, గొడవ తీరేది. ఆయన అనలేదు. అక్కడే ఒక బండ మీద కూర్చుని, నేల మీద ఏమీ మిగలనప్పుడు ఆమె దారి ఎలా పట్టుకుందని ఆలోచించాడు. జవాబు వెతకనక్కరలేకపోయింది. చిన్నప్పుడు తానే నేర్పాడు: ఎండు మాను కనబడితే కుడికి తిరుగు, చీలిన బండ కనబడితే దాని నడుమ నుంచి దాటు, ఆ తర్వాత నీళ్ళ చప్పుడు ఎడమ చెవిలో పెట్టుకుని నడువు.

ఆయన ఎండు మానును రంపంతో కోసి లోయలోకి దొర్లించాడు. చీలిన బండలో చిన్న ముక్కను పలుగుతో పెకలించడానికి రెండు రోజులు పట్టింది. నీళ్ళ చప్పుడును మాత్రం ఏమీ చేయలేకపోయాడు. పైగా ఆ రెండు గుర్తులూ లేకుండా చప్పుడునే నమ్ముకుంటే అది మనిషిని తిన్నగా కొండ అంచుకు తీసుకెళ్తుంది. కాబట్టి ఇంటికి వచ్చి చెప్పక తప్పలేదు.

"మాను లేదు. బండ లేదు. చప్పుడు పట్టుకుని వెళ్ళకమ్మా, అంచు మీదికి పోతావు."

కూతురు విప్పుతున్న బూటును పక్కన పెట్టింది.

"రేంజరుకు చెప్పేసినా బాగుండేది నాన్నా. బ్యాడ్జి పోతే ఇంకోటి తెచ్చుకునేదాన్ని."

"నీ మంచికే..."

"ఆ ముక్క అనకు. అది కూడా నీకు తెలియదు."

ఆ నెలలోనే ఆమె సామాను సర్దుకుని, ఒక రోజంతా బస్సులో వెళ్ళాల్సిన వేరే కొండలకు పోయి గైడుగా కుదురుకుంది. తల్లికి ఫోన్ చేస్తుంది. తండ్రిని అడగదు. ఆయన దారి మొదటి మలుపు వరకు పని పూర్తిచేశాడు. జనం తగ్గారు, షెడ్డులో టీ కూడా తగ్గింది. దీన్ని త్యాగమనడం తొందరపాటు. త్యాగానికి ఎదుట ఏదో ఒక ఫలం కనిపించాలి. ఆయన ఎదుట కదలని కొండ ఒకటే ఉంది.

రెండు వానకాలాలు గడిచాయి. చరియ జారలేదు. రేంజరు వచ్చి టీ తాగుతూ చెప్పాడు, "పై ఆఫీసులో దారి మళ్ళీ తెరుద్దామా అంటున్నారు. మీరు ఊ అంటే చాలు పెద్దాయనా. అమ్మాయిని కూడా పిలిపించుకోవచ్చు."

రేంజరు వెళ్ళాక భార్య మొగుడి ముఖంలోకి చూసింది. "జీవితమంతా నీతో రాళ్ళ మధ్య బతికాను, ఏమీ అడగలేదు. ఈ ఒక్కసారి ఊ అను. నోరు కూడా తెరవనక్కరలేదు, ముక్కుతో అన్నా సరిపోతుంది."

మర్నాడు రాళ్ళాయన కొండ అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి చరియ మీదికి ఎక్కాడు. నెర్రెలో ఫెర్నులు మొలిచాయి. అది మానుతున్న గుర్తో, లోపల నీరు నిలిచిన గుర్తో చెప్పడం సాధ్యం కాలేదు. చెయ్యి పెట్టి చూశాడు. మునుపటికన్నా లోతుగా పోయినట్టుంది, పోనట్టూ ఉంది. అలిసిపోయి దిగివచ్చాడు.

రేంజరు ఆఫీసుకు వెళ్ళి, తెరవొద్దని చెప్పాడు. కారణమేమిటని రేంజరు అడిగితే, తెలియదన్నాడు. పడుతుందని అనుమానమా అంటే, అదీ చెప్పలేనన్నాడు. ఆయన మాట మీద దారి మూసే ఉంచారు. ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. ఆమె పొయ్యి ఆర్పి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత కూతురికి ఫోన్ చేసి, దారి తెరుస్తామన్నారనీ, తానే వద్దన్నాననీ చెప్పాడు. ఆమె మొత్తం విని ఫోన్ పెట్టేసింది.