ఉప్పు తక్కువైన కవర్లు

జంగయ్య కవర్లు తింటాడు. ఊరికే నోట్లో పెట్టుకుని ఉమ్మేయడం కాదు. నమిలి, మింగి, మీసం తుడుచుకుని, "ఉప్పు తక్కువైంది" అంటాడు. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఈ సంగతి తెలియనివాళ్లు లేరు.

చేవెళ్ల రోడ్డు మీద ఎకరాలు గజాలైపోతున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్లు గండిపేట దాటి వచ్చి క్యారెట్ పొలాల్లో ఫోటోలు దిగేవి. అప్పట్లో మొయినాబాద్‌లో జంగయ్య కిరాణా దుకాణం కళకళలాడేది. సబ్బుబిళ్ల కొన్నా, చింతపండు కొన్నా నీలం ప్లాస్టిక్ కవర్లో వేసిచ్చేవాడు. ఊళ్లో నీలం కవర్లు ఇచ్చే దుకాణం అదొక్కటే. అంతటివాడు ఒకనాడు షట్టర్ దించి ఇంటికొచ్చి, పెరట్లో పొయ్యి పెట్టించాడు. మక్కజొన్న గంజి కాచి, అందులో గ్లిజరిన్, వెనిగర్ పోసి, స్టీలు పళ్లేల మీద పల్చగా పరిచి ఎండబెట్టాడు. ఊడదీసి అంచులు అతికిస్తే కవర్. ఇదంతా ఎందుకని భార్య పద్మమ్మ అడిగితే, దుకాణం బోరు కొట్టిందన్నాడు.

మూడేళ్లయినా ఆమె ఆ మాట నమ్మలేదు. నమ్మకపోయినా గంజి మాత్రం ఆమే కలిపేది.

ఆ కవర్ల గొప్పేమిటంటే, చిరిగినవి వేడినీళ్లలో వేస్తే మళ్లీ గంజి, ఎండబెడితే మళ్లీ కవర్. చిక్కేమిటంటే, వేడినీళ్ల పని వాన కూడా చేసేది. ఒకాయన చేవెళ్ల మార్కెట్లో టమాటలు కొని ముసురులో స్కూటర్ మీద బయల్దేరాడు. టమాటలు రోడ్డు పాలయ్యాయి, గంజి ప్యాంటు పాలైంది. ఆ ప్యాంటు ఆర్నెల్లు ఇస్త్రీ లేకుండా తనంతట తానే నిలబడిందట.

కొత్త రకం ఎప్పుడు చేసినా మొదటి కవర్ జంగయ్య కడుపులోకే. మేనకోడలు మమత పెళ్లిచూపుల్లోనూ అంతే. మిఠాయి వచ్చినవాళ్లకు వదిలేసి, తను జేబులోంచి కవర్ తీసి తిన్నాడు. మీ వంశంలో ఇంకెవరికైనా ఇట్ల ఉన్నదా అని పెళ్లికొడుకు తండ్రి చాటుగా వాకబు చేశాడు.

చివరికి గండిపేట దగ్గరి ఒక కంపెనీ క్యాంటీన్ మేనేజర్ సందీప్, అయిదువేల కవర్లు కావాలి, చూసిపోతానని కబురు పెట్టాడు. పద్మమ్మ తెగేసి చెప్పింది.

"ఆ సారు ముంగట కవర్ తిన్నవో, ఆర్డర్ పోతది. ఆర్డర్ పోతే రేపే పొయ్యి ఆర్పుత. మళ్ల దుకాణంల కూసోవాలె, చెప్తున్న."

జంగయ్య నోట్లో పాన్ కుక్కుకుని బుద్ధిగా తలూపాడు.

సందీప్ వచ్చాడు. ఒక కవర్ గుంజి చూశాడు, క్యారెట్లు వేసి ఊపాడు, బాగున్నది అంకుల్ అన్నాడు. జంగయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. అంతలో పక్కింటి బీరమ్మ బర్రె తడిక తోసుకుని వచ్చి, సందీప్ చేతిలోంచి క్యారెట్లతో సహా కవర్ లాక్కుని మింగేసింది.

వెనకే ఉరికొచ్చిన బీరమ్మ అది చూసి అక్కడే కూలబడింది.

"జంగన్నా, మళ్ల ఆగమైన. మొదటి బర్రె గిట్లనే సచ్చిపాయె. డాక్టర్ కడుపు కోస్తే తట్టెడు నీలం కవర్లెల్లినయ్."

పద్మమ్మ చేతిలోని గరిటె గంజిలోకి జారిపోయింది. బీరమ్మ మొదటి బర్రె చచ్చిందీ, దుకాణం షట్టర్ దిగిందీ ఒకే వారంలో.

జంగయ్య భార్య వైపు చూడలేదు. పాన్ ఉమ్మేసి, దండెం మీది కవర్ ఒకటి అందుకుని బర్రె పక్కన నిలబడ్డాడు.

"ఫికర్ చెయ్యకు చెల్లె. నీ బర్రె తిన్నదే నేను తింటున్న. ఏమన్న అయితే ఇద్దరికి ఒక్కతీరుగనే అయితది."

ఇద్దరూ నమిలారు. బర్రె ముందుగా ముగించింది. పద్మమ్మ ఆర్డర్ మీద ఆశ వదిలేసుకుంది.

సందీప్ బర్రెనూ జంగయ్యనూ మార్చి మార్చి చూశాడు. "ఎట్లున్నది అంకుల్?"

"ఉప్పు తక్కువైంది."

బర్రె తీరిగ్గా పడుకుని నెమరు వేయడం మొదలుపెట్టేదాకా సందీప్ కదల్లేదు. ఆ తర్వాత ఆర్డర్ కాగితం రాసిచ్చి, వానాకాలం అయినంక పంపండి అంకుల్ అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు పద్మమ్మ అటూ ఇటూ చూసి గంజిలో గుప్పెడు ఉప్పు వేసింది. మొదటి కవర్ ఆరగానే జంగయ్య కొరికాడు. నమలడం ఆపి, ఆమె వైపు చూశాడు.

"ఎక్కువైంది" అన్నాడు. అని, మొత్తం తినేశాడు.