అంతమ్మ చెప్పిన పథ్యం

మొయినాబాద్‌లో మా అత్తవారి కిరాణా దుకాణం వెనక గదిలో నేను దొంగతనం చేసేదాన్ని. పల్లీలు, బెల్లం, ఎండుకొబ్బరి, ఏది చేతికందితే అది. పదహారేళ్లదాన్ని, ఏడో నెల. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పుట్టిల్లు దగ్గర్లోని చేవెళ్లే అయినా అక్కడ అమ్మ లేదు కాబట్టి పురుడు ఇక్కడే అన్నారు. ఇంటినిండా జనమే, ఆకలవుతోందని చెప్పుకోవడానికి మాత్రం ఒక్కరూ లేరు.

నా ఆకలికి కారణం మంత్రసాని అంతమ్మ. ఆ చుట్టుపక్కల పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లోనే పడ్డారు. మనిషి బక్కపలచన, మాట మాత్రం మా అత్తగారికి వేదం. ఆరో నెల రాగానే వచ్చి, కడుపు తడిమి, పథ్యం చెప్పి పోయింది. పొద్దున పిడికెడు అన్నం, రాత్రి గంజి.

"కడుపు నిండ తింటే బిడ్డ పెరుగుతది. పెరిగినంక బయటికెట్లొస్తది? సగం కడుపే తినాలె" అంది.

ఆమె చెల్లెలు సుక్కమ్మ కాన్పు కష్టమై, మూడు రోజులు నొప్పులు పడి, ఆమె కళ్లముందే పోయిందట. బిడ్డ మరీ పెద్దదట. ఆ భయంతో ఇరవై ఏళ్లుగా కడుపుతో ఉన్నవాళ్లందరినీ పస్తు పెట్టింది మహాతల్లి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లను, అరచేతిలో ఇమిడేవాళ్లను దూదిలో చుట్టి కుంపటి పక్కన పడుకోబెట్టేది. బతికితే దేవుడి దయ, పోతే రాత. చిల్కూరులో ఉన్న ఆమె సొంత కూతురు జంగమ్మకు కూడా అట్లాగే ఇద్దరు పోయారు.

నాకు నెలలు నిండి, తెల్లవారేసరికి సులువుగా కాన్పయింది. అంతమ్మ పిల్లవాణ్ణి ఒక చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేసింది.

"ఇంత బరువెట్లొచ్చిండు కృష్ణవేణమ్మా?"

నాకు నవ్వొచ్చింది. "నీ పథ్యం నేను చేస్తే గద! దినాం దొంగతనంగ పల్లీలు, బెల్లం తిన్న" అన్నాను, ఏదో గెలిచినట్టు.

ఆమె నవ్వలేదు. బిడ్డను నా పక్కలో వేసి, గోడకు ఆనుకుని కూలబడింది.

"మా జంగమ్మ తినలే. నా మాట జవదాటలే. ఇప్పుడు మల్ల ఆరో నెల దానికి."

లేచి కొంగు పట్టి, "జర గా పల్లీలు నాకియ్యరాదమ్మా" అంది. అంతమ్మ ఏదైనా ఇవ్వమని అడగడం అదే మొదటిసారి. తలగడ కింద దాచుకున్నవన్నీ తీసి ఆమె కొంగులో పోశాను. ఆ పూటే నడిచి చిల్కూరు వెళ్లింది.

మూడో రోజు పిల్లవాడికి నీళ్లు పోయడానికి వచ్చింది. ముఖం చూస్తే అడగాలంటే భయం వేసింది. అయినా అడిగాను.

"తిన్నదా?"

"మొత్తం తిన్నది. తినుకుంటనే అడిగింది, మరి పోయిన ఆ ఇద్దరి సంగతేంది అవ్వా, అని."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? మిగిలిన పల్లీలు గూడ దాని చేతుల పోసిన."

ఆ తర్వాత ఆమె ఇల్లిల్లూ తిరిగి, కడుపు నిండా తినమని చెప్పింది. ముసలిదానికి మతి పోయిందని అత్తలు నవ్వారు. పిలిచేవాళ్లు తగ్గిపోయారు. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె బతుకు ఆమె బతికేది కదా అని ఎన్నోసార్లు ఏడ్చాను. జంగమ్మ కడుపు గుర్తొచ్చి కళ్లు తుడుచుకునేదాన్ని.

మూడు నెలలకు, చిల్కూరులో బండి తోలే ఎల్లేశ్ ఉప్పు కోసం మా దుకాణానికి వచ్చాడు. అంతమ్మ పెరట్లో నా కొడుకును కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తోంది.

"జంగమ్మకు ఆడపిల్ల పుట్టింది అంతమ్మవ్వా, నాలుగు దినాలాయె. మంచిగున్నది. ఒక్క చేత్తోని ఎత్తలేం" అన్నాడు, ఉప్పు సంచితో పెరట్లోకి వచ్చి.

"పురుడెవరు పోసిన్రు?"

"మంగళారం ఊరి నుంచి ఎవరినో తెచ్చుకున్నరు."

"నన్ను రమ్మన్నదా?"

ఎల్లేశ్ ఉప్పు సంచి మూతి రెండోసారి కట్టాడు. "ఏం చెప్పలేదవ్వా."

అంతమ్మ నా కొడుకును రెండు చేతులతో పైకెత్తి, బరువు చూస్తున్నట్టు అట్లాగే పట్టుకుంది. నీళ్లు చల్లారిపోతున్నాయని నేను చెప్పినా దించలేదు.