కళ్లు మూసుకుంటే తిరిగిన పటిక

తొంభైల్లో నేను దోహా పక్కన అల్ వక్రాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్ని. సెలవుకు ఊరికి పోయేవాళ్లకు మావాళ్లు చెప్పే బుద్ధి ఒకటే: ఎయిర్‌పోర్టులో తెలుగులో పలకరించినోడి పొట్లం మాత్రం ముట్టుకోవద్దు, మత్తుమందు అంటగడతారు.

ఒకసారి నేను సెలవుకు పోయేటప్పుడు దోహా ఎయిర్‌పోర్టు వెయిటింగ్ హాల్లో పక్క కుర్చీలో ఉన్న కళ్లద్దాలాయన "కడపేనాండీ?" అని పలకరించి, రుమాలు విప్పి తెల్లటి గడ్డ ఒకటి తీసినాడు. నున్నటి ముఖాలు, పదునైన మూలలు.

"పటికండీ. బళ్లో పిల్లలకు చూపించడానికి నేనే పెంచాను."

రాయిని పెంచడమేంది?

"అయితే కొంచెం నాకండి సార్, చూస్తా," అన్నా.

ఆయన నవ్వి నాకినాడు. వగరుకు మొగం ముడుచుకుపోయింది. పటికే.

"ఇప్పుడు మీరు కళ్లు మూసుకోండి. దీన్ని తిప్పానో లేదో తర్వాత చెప్పండి."

పాస్‌పోర్టున్న సంచి పట్టీని కాలికి చుట్టుకోని మూసుకున్నా. తెరిస్తే గడ్డ ముందెట్లుందో అట్లే ఉంది.

"తిప్పలేదు సార్."

"తిప్పానండీ. ఎన్ని రకాలుగా తిప్పితే మీకు తేడా తెలియదో, ఆ లెక్కనే గ్రూప్ థియరీ అంటారు. ఈ పటికకీ అదే, పరమాణువు లోపలి కణాలకీ అదే."

ఆయన విమానానికి పిలుపొచ్చింది, లేచి పోయినాడు. నేను గబగబా సంచి తెరిచినా. పాస్‌పోర్టు, అత్తరు సీసాలు, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంతకుముందైతే, అట్లే ఉన్నాయి కాబట్టి ఎవురూ ముట్టలేదని నిమ్మళంగా కూర్చునేవాణ్ణి.

ఆ పొద్దు మాత్రం సంచినంతా కింద కుమ్మరించి మళ్లీ చూసుకున్నా.