అంచు మీద మనిషి

నా తాత పేరు నేనే నా చేత్తో తోమేశానని మా పైఅంతస్తు సారు నలుగురిలో అన్నారు. ఎనిమిదేళ్లయింది. ఆ మాట వెనక్కి తీసుకుంటారని ఇన్నాళ్లూ చూశాను. పోయిన మంగళవారం ఆస్పత్రిలో సారు పోయారని ఆయన కూతురు వచ్చి చెప్పింది. బాధ కంటే ముందు కోపం వచ్చింది. మాట బాకీ పెట్టి పోతారా అని.

నాది నాలుగో తరగతి చదువు. శ్రీకాకుళం నుంచి ఈ పరాయి దేశం వచ్చి ఇక్కడి షిప్‌యార్డుల్లో ముప్పైఏళ్లు వెల్డింగు చేశాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

సారు లెక్కల మాస్టరుగా రిటైరయ్యారు. ఈ యూ టీ పేటలో మా బ్లాకుకొచ్చాక ఆయన పని ఒక్కటే. పాతకాలం సైనికుల పతకాలు కొనడం, అంచు మీద చెక్కిన పేరూ నంబరూ పట్టుకుని ఆ మనిషెవరో వెతకడం. కళ్లజోడు మర్చిపోయినా జేబులో భూతద్దం మర్చిపోయేవారు కాదు. "బిళ్ల ముఖం రాజుది, మేస్త్రీ. అంచు మనిషిది," అనేవారు.

మా తాత మొదటి ప్రపంచ యుద్ధంలో కూలీల దళంతో బస్రా వెళ్లాడు. వస్తూ కంచు పతకం తెచ్చాడు. పక్కూరి సిపాయికి వచ్చింది వెండిది. అందుకని మా ఊళ్లో, "మీ తాత యుద్ధానికెళ్లాడేటి? ఏ సంతలోనో కొనుక్కొచ్చుంటాడు," అని నన్ను ఏడిపించేవారు. ఆ మాటన్నందుకు బడిలో ఒకడి పన్ను ఊడగొట్టాను. నా చదువు అక్కడే ఆగింది.

సారుకి చూపించే రోజు పతకాన్ని బాగా తోమి పట్టుకెళ్లాను. ఏటా ఆయుధపూజకి పనిముట్లతోపాటు దాన్నీ చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమి పీట మీద పెట్టడం మా ఇంటి ఆచారం. నాయనమ్మ తోమింది, అమ్మ తోమింది, తర్వాత నేను. మెరవకపోతే తాతకి మర్యాద తక్కువని మా లెక్క. అంచు మీద ఇంగ్లీషు గీతలేవో ఉండేవని తెలుసు. అవి తాత పేరని ఎవరికి తెలుసు?

బ్లాకు కింద రాతిబల్ల దగ్గర సారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. "తుపాకీ పట్టినవాడికి వెండి, మేస్త్రీ. మూట మోసినవాడికి కంచు. ఇది అసలైందే." నా ఛాతీ ఇంత పొంగింది. అంతలోనే, "కానీ పేరేదీ? తాతగారి పేరు మీరే తోమేశారు కదండీ," అన్నారు. కాఫీ తాగుతున్న నలుగురూ నవ్వారు.

"మీ ఇంట్లో మురికి పెట్టి పూజ చేస్తారా సారూ?"

"నలుపు మురికి కాదు మేస్త్రీ, వయసు."

"మరి మీ తలకి రంగెందుకో?"

ఈసారి సారు కూడా నవ్వారు. నేను మాత్రం వారం రోజులు ఆ బల్ల వైపు పోలేదు. శనివారం ఆయనే పరోటా పొట్లంతో మా తలుపు కొట్టారు. "ఎండ ఏటవాలుగా ఉంది, బిళ్ల ఇవ్వండి," అన్నారు. క్షమించమని ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత ప్రతి శనివారం వరండాలో నిలబడి, అరిగిన గీతల నీడ పడేలా అంచుని ఎండకి తిప్పేవారు. ఎనిమిదేళ్లకి నంబరులో మూడంకెలు, పేరులో చివరి రెండక్షరాలు తేలాయి. "సగం మనిషి దొరికాడు. నూరేళ్లు ఆగినవాడు ఇంకాస్త ఆగుతాడు," అన్నారు. ఆ దళంలో వెళ్లినవాళ్ల జాబితా ఉన్న ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశారు. జాబితాలో తాత పేరు కనబడితే మా ఊరి నోళ్లు మూతబడతాయి.

సారు పోయిన మూడో రోజు, ఆయన దగ్గరే ఉండిపోయిన నా పతకాన్ని కూతురు తెచ్చిచ్చింది. "అంకుల్, డాడీ లాస్ట్ లెటర్ పంపి ఎయిట్ మంత్స్ అయింది లా. రిప్లై రాలేదు. వదిలేయండి అంకుల్," అంది ఇక్కడి పిల్లల యాసలో.

"వదిలేయడానికి అదేం గాలిపటమా అమ్మా?" అన్నాను.

మెత్తటి కాగితం విప్పితే లోపల చీటీ. నా కళ్ల కోసం పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు.

"మేస్త్రీ, నేను కొన్న బిళ్లలన్నీ నల్లగా, అంచులు కొత్తగా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, చివరికి అమ్ముకున్నారు. మీది అరిగింది. ఇంట్లో మూడు తరాలు చేతుల్లో పెట్టుకున్నారు కాబట్టే అరిగింది. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. కిందికి దిగుదామంటే కాళ్లు రావడం లేదు."

ఆయన దిగలేకపోయారు. అందుకే ఆయన వెనక్కి తీసుకున్నారన్న మాట మీ అందరి ముందూ నేను పెడుతున్నాను. లెక్క సరిపోయింది సారూ.

ఇక ఆ ఆఫీసువాళ్లకి. నాలుగో ఉత్తరం నేను చెప్తుంటే సారు కూతురే ఇంగ్లీషులో టైపు చేసింది. ఈ వారమే పోస్టయింది. ఈ ఏడు పతకాన్ని తోమను. పీట మీద సుత్తి పక్కన, సారు భూతద్దానికి ఆనించి, అంచు పైకి కనబడేలా నల్లగానే నిలబెడతాను. ఆయుధపూజ నాటి పొద్దుటికల్లా నాకు జవాబు కావాలి.