‘పడింది’ అని అరిచే షాపు

నిన్న సాయంత్రం గవర్నర్‌పేటలో సిగ్నల్ దగ్గర ఆగాను. ముందున్న కారు కదులుతూ ఒక్కసారి నీలం పొగ వదిలింది. కాలిన ఇంజన్ ఆయిల్ వాసన గుప్పుమంది. చుట్టూ స్కూటర్లవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం గట్టిగా పీల్చి, ఆయిల్‌ని ఆపే వాల్వ్ సీళ్లు పోయాయి అనుకున్నాను. కొందరికి మల్లెపూల వాసనకి మనుషులు గుర్తొస్తారట. నాకు ఈ వాసనకి నాంచారయ్య గారు గుర్తొస్తారు. జ్ఞాపకాలు అనగానే ఫోటో, దండ ఊహించుకోకండి. ఆయన బందరు దగ్గర సముద్రం పక్కనే క్షేమంగా ఉన్నారు, చేపల బేరంలో రోజుకొకరితో గొడవ పడుతూ.

అప్పట్లో ఆటోనగర్‌లో ఆయన ఒక కార్ల షాపుకి మేస్త్రి. నేను మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఆఫీసు ఉద్యోగం వద్దని అక్కడ చేరాను. కాలేజీలో పాఠాలు చెప్పే మా నాన్నగారు బంధువులతో ‘మావాడు ఆటోమొబైల్ రంగంలో ఉన్నాడు’ అనేవారు. ఆ రంగం రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. నాంచారయ్య గారిది చేపల వేట కుటుంబం. చిన్నప్పటి నుంచి పడవల మీద తిరిగి, పడవ ఇంజన్లు బాగు చేసి, అక్కడి నుంచి కార్లకి వచ్చారు. నా డిగ్రీ సంగతి తెలిసిన రోజు నుంచీ నన్ను ‘ఇంజనీరు గారూ’ అనే పిలిచారు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఇప్పటికీ లెక్క తేలలేదు. మొదటి రోజు నా చేతికి పానా ఇవ్వలేదు, ఒక ప్రశ్న ఇచ్చారు.

“ఇంజనీరు గారూ, పడవ మీంచి మనిషి నీళ్లలో పడితే చూసినవాడు ఏం చెయ్యాలి?”

“దూకాలండి.”

“దూకితే ఇద్దరు పోతారు. పడ్డాడని కేకెయ్యాలి. పడిన చోటికి వేలు చూపించాలి. పైకి లాగేదాకా వేలు దించకూడదు, కన్ను తిప్పకూడదు. ఇక్కడా అంతే. విప్పిన ఇంజన్లో ఏది పడినా ‘పడింది’ అని అరవాలి. ఎదురుగా ఎవరున్నా సరే.”

“నట్టు పడినా ఇంత హడావుడి చెయ్యాలాండీ?”

“మనిషికైతే ఈతొచ్చే ఆశ ఉంది. నట్టుకి అదీ లేదుగా.”

ఏడాది తర్వాత భవానీపురం నుంచి వంశీ అనే కుర్రాడు తన కారు తెచ్చాడు. చిన్న కారే, కానీ టర్బో బిగించి, రేసులకని దాన్ని రెచ్చగొట్టి పెట్టాడు. స్పీడు పెరిగితే పాత స్ప్రింగులు వాల్వులను ఆపలేకపోతున్నాయి, సీళ్లు ఆయిల్ కారుస్తున్నాయి. రెండూ మార్చాలి. ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, మొత్తం విప్పాల్సిందేనని మిగతా షాపులవాళ్లు చెప్పారట. నాంచారయ్య గారు అక్కర్లేదన్నారు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి వలలకి వాడే నూలుతాడు సిలిండర్‌లోకి దోపి, ఇంజన్‌ని చేత్తో మెల్లగా తిప్పారు. పిస్టన్ పైకొచ్చి, తాడుని వాల్వులకేసి అదిమి పట్టింది. ఇక స్ప్రింగు తీసేసినా వాల్వు లోపలికి జారదు. వంశీ ఇదంతా ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఊళ్లో కార్ల పిచ్చి ఉన్న కుర్రకారంతా అతని వీడియోలే చూస్తారు. ఈ పని కుదిరితే వాళ్ల బళ్లన్నీ మా షెడ్డుకే. బెడిసికొడితే మా పేరు ఊరంతా మోగుతుంది.

“మేస్త్రి గారూ, వల తాడుతో రేసు కారు బాగు చేస్తారా?” అన్నాడు నవ్వుతూ.

“తాడు ఎక్కడిదో వాల్వుకి తెలీదు బాబూ. మీరు చెప్పకపోతే చాలు.”

స్ప్రింగుని పట్టి ఉంచేవి లాకులు. వాల్వుకి రెండు చొప్పున, గోటిముక్కంత ఉంటాయి. అవి పడిపోకుండా హెడ్డు మీద ఆయిల్ దిగే రంధ్రాలన్నిటికీ గుడ్డలు కుక్కి ఉంచాం. కెమెరా నా వైపు తిరిగేసరికి చేతులు మురికిగా కనిపిస్తే బాగుండదనిపించింది. దగ్గర్లో ఉన్న గుడ్డ లాగి తుడుచుకున్నాను. అది ఏ గుడ్డో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది. లాకు వేలి కొస నుంచి జారింది. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే.

తర్వాతి మూడు సెకన్లలో నాకు డిగ్రీ మొత్తంలో రానన్ని తెలివైన ఆలోచనలు వచ్చాయి. డబ్బాలో అదే సైజు లాకు ఇంకొకటి ఉంది. వేసేస్తే ఎవరికీ తెలీదు. కిందికి పోయిన లాకు ఇంజన్ లోపల తిరిగే గొలుసుకి తగిలి, ఇంజన్ని ముక్కలు చేసేదాకా ఎవరికీ తెలీదు.

“పడిందీ!” అని అరిచాను. వీరుడిలా అరవాలనుకున్నాను, పిల్లి తోక తొక్కినట్టు వచ్చింది. వేలు మాత్రం సరైన రంధ్రానికే చూపించాను.

వంశీ మొహం ఎర్రబడింది. “నా ఇంజన్లో పడేశారా? వీడియో పెట్టేస్తాను, మీ షాపు మూసుకోవాల్సిందే!”

నాంచారయ్య గారు తాపీగా లేచి నా పక్కకొచ్చారు. “పెట్టండి బాబూ. ఏదీ కొయ్యకుండా పెట్టండి. పడిందని చెప్పే షాపు మాది. చెప్పని షాపులో మీకు వీడియో తియ్యడానికి ఏమీ దొరకదు.” నావైపు తిరిగి, “వేలు దించకండి ఇంజనీరు గారూ,” అన్నారు.

దించలేదు. తీగకి అయస్కాంతం కట్టి రంధ్రంలోకి వదిలారు, రాలేదు. కారు కింద దూరి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పారు. గంటన్నర. ముక్కు మీద దోమ వాలి తన పని తాపీగా చేసుకుపోయింది. చివరికి కింద నుంచి మాట వినిపించింది. “సరిగ్గా మీ రంధ్రం కిందే ఉంది. దించండి.” చెయ్యి దిగలేదు, కొయ్యబారిపోయింది. ఆయనే వచ్చి మెల్లగా వంచారు. తిట్టలేదు. గుడ్డ మాత్రం తెచ్చి నా ఎదుటే మళ్లీ రంధ్రంలో కుక్కారు.

కారు బాగా నడిచింది. వంశీ వీడియో పెట్టాడు కూడా. ‘వేలు మెకానిక్’ అని కొన్నాళ్లు నన్ను ఆటోనగర్ అంతా పిలిచింది. కొందరు మా షెడ్డు మొహం చూడ్డం మానేశారు. “పోనివ్వండి, చోటు కలిసొస్తుంది,” అన్నారు నాంచారయ్య గారు.

ఇప్పుడు నేను పెద్ద వర్క్‌షాపులో ఉన్నాను. ఏసీ ఉంది, కాఫీ మెషీన్ ఉంది. కిందటి నెల నా చేతిలోంచి బోల్టు జారి, ఒకాయన కారు సిలిండర్ గోడ మీద గీత పడింది. మా సూపర్‌వైజర్ గారు జాబ్ కార్డులో ‘పాత గీత’ అని రాసి సంతకం పెట్టమన్నారు. అది కొట్టేసి, ‘నా చేతి నుంచి బోల్టు పడి ఏర్పడిన గీత’ అని రాశాను.

“ఉద్యోగం చెయ్యాలని ఉందా లేదా?” అన్నారాయన.

“ఉందండి. అందుకే పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు రాశాను.”

కారు ఓనరు అద్దం అవతల కాఫీ తాగుతున్నారు. కార్డు తీసుకుని నేనే ఆయన దగ్గరికి నడిచాను. సూపర్‌వైజర్ గారు వెనక నుంచి నా పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. వినపడలేదని మాత్రం రాయను. వినపడింది.