సబ్ఖా హై, చలో

అరబ్బు ఎడారిలో దుక్మ్ క్యాంపులో దిగిన రోజు నైరుతి గాలి కొడుతోంది. ఇసుక పళ్ల మధ్య కరకరలాడింది. ఒక పికప్, ఒక వాకీటాకీ, నీళ్ల డబ్బాలు, మడతలు చిరిగిన మ్యాపు అప్పగించారు. నేను మిలిటరీలో ఫిరంగుల దళంలో చేసి వచ్చినవాణ్ని. ఇక్కడ సెక్యూరిటీలో చేరినా అదే డ్యూటీ. మ్యాపు చదవాలి, బళ్లను క్షేమంగా తిప్పి తేవాలి.

ఆ మ్యాపులో జంట గీత తారురోడ్డు. ఒంటి గీత మట్టిరోడ్డు. చుక్కల గీతంటే ఎప్పుడో ఎవరో పోయిన బండి జాడ, నమ్మడానికి లేదు. ఆ చుక్కలు నీలి గళ్ల మీదుగా పోతే అసలే పోకూడదు. ఆ గళ్లున్న నేలను అరబ్బీలో సబ్ఖా అంటారు. పైన ఉప్పు పెచ్చు గచ్చులా తెల్లగా ఉంటుంది. కింద బురద.

డీజిల్ చేరవేసే పికప్ డ్రైవర్ ఖాదర్‌ది మా కడప జిల్లానే. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. మ్యాపు నేర్పమని వెంటపడేవాడు. నీలి గళ్లు చూపించి మన భాషలో చౌడు అని చెప్పాను. సబ్ఖా అన్న మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

"చుక్కలుంటే నమ్మగూడదు, చౌడుంటే పోగూడదు. మా ఇంటామె కంటే నీకే అనుమానం యెక్కువన్నా," అని నన్ను ఆటపట్టించేవాడు.

తుఫాను వాన వెలిసిన వారం సర్వే టీముకు డీజిల్ అయిపోయింది. నేను వేసిన చుట్టుదారికి సగం రోజు పడుతుంది. సూపర్‌వైజర్ ఏసీ రూమ్‌లో కూర్చుని దాన్ని కొట్టేశాడు, ఖాదర్‌ని అడ్డదారిన పంపాడు. ఆ మనిషిని ఆయన అనడానికి నాకు నోరు రాదు. నేనప్పుడు దూరంగా ఒక రాళ్లవాగులో టైరు మారుస్తున్నాను. ఇద్దరి మాటా వాకీటాకీలో వినిపించింది.

ముందంతా తెల్లగా ఉంది, ఇదేం రోడ్డు సాబ్ అని ఖాదర్ అడిగాడు.

"సబ్ఖా హై. చలో."

ఖాదర్ చెవికి అది 'సబ్ కా హై'. అందరిదీ, పద.

"సబ్ కా హై తో అప్నా భీ హై," అన్నాడు ఖాదర్. అందరిదైతే మనదీనూ. నవ్వాడు కూడా. సూపర్‌వైజర్ దిద్దలేదు.

వద్దని అరిచాను. నా సెట్టులో బ్యాటరీ వినడానికే మిగిలింది, నా గొంతు ఎవరికీ చేరలేదు.

సాయంత్రానికి అక్కడికి నేనే చేరాను. ఖాదర్ పికప్ బానెట్ దాకా దిగిపోయి ఉంది. వాకీటాకీ ఉప్పునీళ్లలో చచ్చింది. అక్కణ్నుంచి కాలి గుంటలు వరసగా పోయాయి. వాటి చివర ఖాదర్ పడి ఉన్నాడు. ఎండ చంపేసింది.

విచారణలో సూపర్‌వైజర్, సబ్ఖా అని హెచ్చరించాను, డ్రైవరే వినలేదు అన్నాడు. చలో అన్న మాట మింగేశాడు. నేను విన్నానని చెప్పాను. సెక్యూరిటీ వాడి మాట ఎవరికి కావాలి? తప్పు ఖాదర్‌దేనని తేల్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సూపర్‌వైజర్‌ని చంపాలనే అనిపించింది, దాచను.

కాచుకున్నాను. సర్వే సైటుకు వాణ్ని తీసుకెళ్లే డ్యూటీ నాకే పడింది. సబ్ఖా అంచుకు తోలి, ముందు చక్రాలు పెచ్చు మీద పెట్టి ఆపాను. మ్యాపు వాడి ఒళ్లో పరిచి, నీలి గళ్ల మీది చుక్కల గీతపై వేలు పెట్టి, ఇదేమిటని హిందీలో అడిగాను.

"సబ్ఖా," అన్నాడు.

ఆ రోజు దాని తర్వాతన్న మాటేదని అడిగాను. వాడు మ్యాపు మడవబోయాడు. గేరు వేశాను. బండి జానెడు కదిలింది. కింద పెచ్చు పటపటమంది.

"చలో," అన్నాడు వాడు. "చలో బోలా మైనే."

పద అన్నది తనేనని, ఖాదర్ నవ్వింది కూడా విన్నానని ఒప్పుకున్నాడు. అప్పటిదాకా నా బొటనవేలు వాకీటాకీ బటన్ మీదే ఉంది. ఈసారి బ్యాటరీ నిండుగా ఉంది. వంటవాళ్ల నుంచి పెద్ద ఇంజనీరు దాకా క్యాంపంతా విన్నది.

ఖాదర్ మీద వేసిన తప్పు కొట్టేశారు. సూపర్‌వైజర్‌ని చడీచప్పుడు లేకుండా పంపేశారు, బెదిరించినందుకు నన్నూ పంపేశారు. నాకు బాధ లేదు. వాడు మళ్లీ దొరికితే మళ్లీ గేరు వేస్తాను.

ఇంటికి పోకముందే కడపలో ఖాదర్ భార్య దగ్గరికి వెళ్లాను.

"దోవ తెలీక పోయినాడని చెప్పిరి. నిజమేనా అన్నా?"

"లేదు చెల్లెమ్మా. అడిగే పోయినాడు."

ఇప్పటికీ ఎక్కడ మ్యాపు కనిపించినా చూస్తాను. చుక్కల గీత దగ్గర వేలు ఆగిపోతుంది. తెల్లటి ఉప్పు మీద ఖాదర్ కాలి గుంటలు, ఒక్కోదాంట్లో ఇన్ని నీళ్లు, అచ్చం అలాగే చుక్కలు చుక్కలుగా పోయి, మధ్యలో ఆగిపోయి ఉంటాయి.