పెబ్బేరు అక్క వేసిన ఎస్సై వేషం

మిస్డ్ కాల్ ఇచ్చి మాట్లాడుకునే రోజుల్లో నేను వనపర్తిలో ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. సెక్స్ వర్కర్లకు ఆరోగ్యం గురించి, చట్టం గురించి చెప్పడం మా పని. గద్వాలలో మగ్గం నేసే మా నాన్నకు మాత్రం దవాఖాన ఉద్యోగం లాంటిదని చెప్పాను. ఆయన నమ్మి, బిడ్డ నర్సయిందని వాడంతా చెప్పుకున్నాడు. సెలవుకు ఇంటికి వెళ్తే సగం వీధి బీపీ చూడమని చేతులు చాచేది.

మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు రోగం కంటే పోలీసు భయం ఎక్కువ. బస్టాండు దగ్గర కనబడితే చాలు, జీపు ఎక్కించేవారు. ఎందుకో చెప్పరు. స్టేషన్లో అందరూ మగవాళ్లే. నోరెత్తితే దెబ్బలు. పట్టుకోవడానికైనా ఒక పద్ధతి ఉందనీ, ఆడ పోలీసు ఉండాలనీ, కారణం చెప్పాలనీ, చెయ్యి చేసుకోకూడదనీ ఒక వకీలును పిలిచి చెప్పించాం. అందరూ శ్రద్ధగా తలలూపారు. కాసేపటికి చూస్తే సగం మంది ఊపుతున్నది కునికిపాట్లతో.

ఆ మీటింగు అయ్యాక పెబ్బేరు నుంచి వచ్చే అక్క లేచింది. నలభై దాటిన మనిషి. పశువుల సంతలో ఈ కొసన మాట్లాడితే ఆ కొసన వినబడే గొంతు.

"గిట్ల చెప్తె తలకెక్కదు మేడం. నాటకం ఆడుదాం. నేను ఎస్సైనయిత."

మా అందరిలో పోలీసు దెబ్బలు ఎక్కువ తిన్నది ఆమే. కాదనడానికి నాకు నోరు రాలేదు.

మరుసటి వారం మధ్యాహ్నం, మేడ మీద మా ఆఫీసు గదిలో రిహార్సల్ పెట్టాం. ఎవరో ఒక ఆటోడ్రైవరును అడిగి ఖాకీ చొక్కా తెచ్చారు. కాటుకతో మీసం, తువ్వాళ్లు కుక్కి పొట్ట, లాఠీకి నా గొడుగు. అక్క లోపలికి అడుగు పెట్టగానే ఇద్దరు ఆడవాళ్లు నిజంగానే లేచి నిలబడ్డారు. ఇక ఆమె తిట్లు మొదలుపెట్టింది. అవి ఇక్కడ రాయలేను. కిటికీలు మూయాలని మాలో ఎవరికీ తోచలేదు. కింద కిరాణా కొట్టాయన, పైన ఎవరో ఎస్సై ఆడవాళ్లను చావగొడుతున్నాడనుకుని స్టేషనుకు పోయి చెప్పాడు.

కాసేపటికి అసలు హెడ్ కానిస్టేబులు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ భారీ మనిషి. ఆడవాళ్లంతా గోడకు జరిగారు. ఆయన గొడుగు చూశాడు, మీసం చూశాడు, పొట్ట దగ్గర కాసేపు ఆగాడు. అక్కకు ఏం తోచిందో, సెల్యూట్ కొట్టింది.

నేను తడబడుతూ నాటకం సంగతి, చట్టం సంగతి చెప్పాను. ఆయన మంచినీళ్లు అడిగి, కుర్చీ లాక్కుని కూర్చుని, నడిపించమన్నాడు.

అక్క నెమ్మదిగా వేషంలోకి దిగి, పట్టుబడే ఆమె వేషం వేసిన పాతికేళ్ల పిల్ల చెయ్యి పట్టి గుంజి, మళ్లీ తిట్లందుకుంది. హెడ్ గొంతు సవరించుకున్నాడు.

"గన్ని తిట్లు మేం తిట్టం."

అక్క గొడుగు కిందికి దించింది. "మొన్న దసరాకు నన్ను నువ్వే తిట్టినవ్ సార్. నీ దగ్గర్నే నేర్చుకున్న."

ఆయన గ్లాసు వైపు చూసి, మిగిలిన నీళ్లు తాగాడు.

"జర తగ్గించి చెయ్," అన్నాడు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. చివరికి ఆయన కూడా నవ్వాడు. అయితే ఎలా పట్టుకోవాలో నువ్వే చేసి చూపించమని అక్క పట్టుబట్టింది. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, నన్ను ఆడ పోలీసుగా పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ పిల్లకు దూరంగా నిలబడి, "అమ్మా, మీరు జర స్టేషనుకు రావాలె," అన్నాడు. పోలీసు నోట 'మీరు' విని ఆ పిల్ల సిగ్గుపడి, చెప్పాల్సిన మాటలన్నీ మరిచిపోయింది.

తర్వాత జరిగింది అక్క చెప్పగా విన్నాను. పెబ్బేరు సంత రోజు కొత్త ఎస్సై జీపు ఆపి ఆమెను ఎక్కమన్నాడట. లేడీ పోలీసు ఏరని అడిగింది. ఎస్సై వెనక్కి తిరిగి, సంత బందోబస్తుకు వనపర్తి నుంచి వచ్చిన మన హెడ్ వైపు చూశాడు. ఆయన మొహంలో ఏమీ కనబడనీయకుండా, "ఉండాలె సార్, రూలు," అన్నాడట. ఉన్న ఒక్క లేడీ పోలీసు సోమశిల గుడి బందోబస్తుకు పోయింది. ఈలోగా ఎద్దుల బేరగాళ్లు చుట్టూ మూగి, ఏం కేసని అడగడం మొదలుపెట్టారు. ఎస్సై చాయ్ తాగి, జీపెక్కి వెళ్లిపోయాడు.

అన్నిసార్లూ అలా జరగలేదు. నాగర్‌కర్నూల్‌లో మా వాళ్లలో ఇద్దరిని పోలీసులు పట్టుకుపోయి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. వకీలును తీసుకుని వెళ్తే వదిలారు. బస్టాండులో మిర్చి బజ్జీలు తింటూ, ఈసారి ఎవరూ చెయ్యెత్తలేదని ఇద్దరూ మురిసిపోతున్నారు. నాకు ఒళ్లు మండింది. కొట్టకపోవడం కూడా గొప్పేనా, మీకు కోపం రాదా అని అడిగాను.

ఇద్దరిలో చిన్నామె నా వైపు జాలిగా చూసింది. "కోపం మాకు పాతదే అక్కా. ఖుషీ గదా కొత్తది."

అని, ఇంకో ప్లేటు చెప్పింది.